పెయ్య వేరు, పడ్డ వేరు. కాకిపిల్ల వేరు, పిల్లకాకి వేరు

మీరు అడిగినవి రెండు. పిల్లల కోసం జంతువులు, వాటి పిల్లల పేర్లతో పట్టిక తయారు చేస్తుంటే కుక్కపిల్ల, పిల్లిపిల్ల, మేకపిల్ల, కోడిపిల్ల అంటూ అన్నిటికీ ‘పిల్ల’ తప్ప ఇంకేమీ తట్టడం లేదు, తెలుగులో వేరే మాటలు లేవా అన్నది మొదటిది. మీ టీములో కొత్తగా చేరిన కుర్రాణ్ణి నలుగురి ముందు సరదాగా ‘పిల్లకాకి’ అంటే అతను నొచ్చుకున్నాడు, అందులో అంత తప్పేముంది అన్నది రెండోది.

నేను భాషా పండితుణ్ణి కాదు, పశువైద్యుణ్ణి. ఉద్యోగం చాలావరకు ప్రకాశం జిల్లాలో గడిచింది, చివర్లో ఒక డెయిరీ తరఫున నల్గొండ వైపు పనిచేశాను. ఈ మాటలన్నీ నాకు దొడ్లలో, సంతల్లో, ఫోన్లలో చెవిన పడ్డవే.

సూటిగా చెప్పాలంటే: మాటలు బోలెడున్నాయి, కాకపోతే అన్ని జంతువులకూ సమంగా లేవు. కాడి మోసేవాటికీ పాలిచ్చేవాటికీ వయసును బట్టి, ఆడామగా తేడాను బట్టి, ఈతను (కాన్పును) బట్టి ఎన్నో పేర్లున్నాయి. మిగతావాటికి ‘పిల్ల’ సరిపోతుంది, అది భాషలో లోటేమీ కాదు. ఇక పిల్లకాకి అంటారా, అది కాకి పిల్లకు పేరు కాదు, అనుభవం లేనివాణ్ణి దెప్పడానికి పుట్టిన మాట. నవ్వుతూ అన్నా దెప్పు దెప్పే.

ముందు పశువుల సంగతి. దూడ అంటే ఆవుదైనా గేదెదైనా, ఆడదైనా మగదైనా చెల్లుతుంది. ఇంకా తల్లి పొదుగు వదలనిది లేగ, లేగదూడ. ఆవుకు పుట్టిన ఆడది పెయ్య, మొదటిసారి ఈనేదాకా దాని పేరు అదే. గేదెకు పుట్టిన ఆడది ఎదిగి చూలు కట్టే ఈడుకు వస్తే పడ్డ. ఆవుకు పుట్టిన మగది కోడెదూడ, కాస్త ఒళ్ళు చేస్తే కోడె. విత్తులు నొక్కించి కాడి కట్టారా, ఎద్దు అయింది. నొక్కించకుండా విత్తనానికి ఉంచుకున్నారా, ఆబోతు. గిత్త అనే మాట మా వైపు ఒంగోలు జాతి మీద అభిమానంతో వాడతారు, వయసు లెక్క అంత పట్టించుకోరు.

నల్గొండ వెళ్ళాక ఇంకో వరస విన్నాను. అక్కడ బర్రెకు పుట్టింది దుడ్డె, ఆవుకు పుట్టింది లేగ. మా వైపు లేగ అంటే వయసు, అక్కడ లేగ అంటే ఆవుదూడ. రాయలసీమలో గేదెను ఎనుము అంటారు, దాని మగదాన్ని ఎనుబోతు అంటారు. మీ పట్టిక చూసే పిల్లల్లో ఒకడు వాళ్ళ నాయనమ్మ చెప్పిన మాట వేరని వాదించవచ్చు. వాదించనివ్వండి, ఇద్దరిదీ ఒప్పే.

ఇన్ని మాటలెందుకంటే ఒక్కో మాటా సగం కేసు షీటు. పొద్దున్నే ఒక రైతు ఫోన్ చేసి ‘పడ్డ ఎదకు రాలేదండీ’ అన్నాడనుకోండి. అది గేదె, ఆడది, ఇంకా ఈనలేదు, రెండున్నర మూడేళ్ళు నిండి ఉంటుంది అని నాలుగు సంగతులు నేను అడక్కుండానే తెలిసిపోయాయి. ఎండాకాలమైతే మూగఎద అయి ఉండవచ్చని కూడా తోస్తుంది. గేదెల్లో ఎద లక్షణాలు పైకి కనబడకపోవడం మామూలే, అందులోనూ వేసవిలో మరీను. అదే ‘లేగకు నీళ్ళ విరేచనాలు’ అంటే చేతిలో పని వదిలేసి బయల్దేరాలి, ఆ వయసులో ఒంట్లో నీరు పోతే పూట కూడా ఆగదు. ‘కోడె కుంటుతోంది’ అంటే మొదటి ప్రశ్న ‘కాడి కట్టారా?’ అని. ‘దూడకు బాగోలేదు’ అని మాత్రం చెప్పేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, వాళ్ళతో ఐదు నిమిషాలు మాట్లాడితే గానీ ఏ పశువో తేలదు.

మాటలెన్ని ఉన్నాయో చూస్తే ఏ పశువుకు ఎంత విలువో కూడా తెలిసిపోతుంది. గేదెకు మగదూడ పుడితే దానికి ‘దున్న’ తప్ప ముద్దు పేరు లేదు. దానికి మాటలూ తక్కువే, పాలూ తక్కువే. తల్లి చేపడానికి రెండు గుక్కలు తాగనిచ్చి లాగి కట్టేస్తారు. చేపడమంటే పట్నం వాళ్ళ కోసం చెబుతున్నాను, దూడ మూతి తగలగానే తల్లి పొదుగులోకి పాలు దించడం. ఆ పని అయిపోయాక మగదూడతో పనిలేదనుకుంటారు, చాలా దొడ్లలో అవి బతికి బట్టకట్టవు. నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి ఇది. ట్రాక్టర్లు వచ్చాక కోడెదూడ గతీ అటే పోయింది. ఇప్పుడు లింగ నిర్ధారిత వీర్యం అని వచ్చింది, ఆ సూది (కృత్రిమ గర్భధారణ) వేయిస్తే పుట్టేవి దాదాపు అన్నీ ఆడదూడలే. రైతుకు మంచిదే. కోడె అనే మాట మాత్రం ఇంకో తరానికి పండగ పోటీల్లో, గుడి మొక్కుల్లో మిగులుతుందేమో. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించుకునేవాళ్ళు ఇప్పటికీ వేలల్లో వస్తారు, అక్కడ ఆ మాటకు ఢోకా లేదు.

వయసు చెప్పడానికి పళ్ళ లెక్క ఇంకొకటుంది. పశువుకు కింది దవడ ముందు వైపు ఎనిమిది పళ్ళుంటాయి, పై దవడ ముందు అసలుండవు. మొదట వచ్చేవి పాలపళ్ళు. ఆవుజాతిలో సుమారు రెండు, రెండున్నరేళ్ళకు నడిమి రెండూ ఊడి పెద్ద పళ్ళు వస్తాయి. అప్పుడది రెండు పళ్ళు వేసింది అంటారు. మూడేళ్ళ చుట్టుపక్కల నాలుగు, తర్వాత ఆరు, నాలుగైదేళ్ళకు ఎనిమిదీ. గేదెల్లో ఇదంతా కొన్ని నెలలు ఆలస్యం. సంతలో అమ్మేవాడు ఏం చెప్పినా కొనేవాడు పెదవి ఎత్తి చూసేది ఇందుకే.

ఈ లెక్క చూడాలంటే సంక్రాంతికో తిరునాళ్ళకో మా వైపు బండలాగుడు పోటీలకు రండి. మైకులో ‘పాలపళ్ళ విభాగం’, ‘రెండు పళ్ళ విభాగం’, ‘నాలుగు పళ్ళు’, ‘ఆరు పళ్ళు’ అని పిలుస్తారు. బరిలోకి దిగేముందు నోరు తెరిచి చూస్తారు, అక్కడ గొడవలు కూడా జరుగుతాయి. విచిత్రమేమిటంటే పళ్ళ లెక్క అయిపోయాక పై విభాగాలకు జూనియర్స్, సీనియర్స్ అని పేర్లు పెట్టారు. పాలపళ్ళ దాకా తెలుగు, మీసాలొచ్చాక ఇంగ్లీషు.

ఈతల లెక్క కూడా ఇలాంటిదే. గేదె కొనేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్నో ఈత?’ మొదటిసారి ఈనిన పడ్డను తొలిచూలు పడ్డ అంటారు, దాని ధర దగ్గర ఆలోచిస్తారు. దానికి దూడనెలా నాకాలో తెలియదు, పొదుగు మీద చెయ్యి వేస్తే బెదురుతుంది, తంతుంది. వెనక కాళ్ళకు బందం వేసి, మెడ నిమురుతూ, ఒకే మనిషి రోజూ ఒకే వేళకు పితికితే పది పదిహేను రోజుల్లో దారికొస్తుంది. కర్రతో కొట్టి పితికే దొడ్లో తొలిచూలు పడ్డ ఏనాటికీ సరిగ్గా చేపదు. (జున్నుపాల గురించి కూడా ఇక్కడే చెప్పనివ్వండి, నా వృత్తి నన్ను ఊరుకోనివ్వదు. పుట్టిన గంట రెండు గంటల్లో దూడ కడుపులో జున్నుపాలు పడాలి, మొదటి రోజు దాని బరువులో పదోవంతు దాకా. మీకు జున్ను ఆ తర్వాత.)

మిగతా జంతువుల సంగతి త్వరగా ముగిస్తాను. గొర్రె, మేక, కోడి, కుక్క, పిల్లి, పంది, గాడిద: అన్నిటికీ పిల్లే. పెద్దయ్యాక మాత్రం పొట్టేలు, మేకపోతు, పెట్ట, పుంజు అని విడిపోతాయి. కుక్కకూ పులికీ లేడికీ కూన అనవచ్చు. సింహానికి కొదమ అతుకుతుంది. కొదమ అంటే పసిపిల్ల కాదు, ఈడొస్తున్నది అని. ఏనుగు పిల్ల గున్న. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి నుంచి ఏనుగులు పొలాల మీద పడ్డప్పుడల్లా పేపర్లో గున్న ఏనుగు అనే మాట కనబడుతుంది. గుర్రానికి గుర్రప్పిల్లే, పుస్తకాల్లో కిశోరం. పద్యాల్లో ఆవుదూడకు క్రేపు అని ఉంటుంది, దొడ్లో ఎవరూ అనగా నేను వినలేదు.

పేనుకు కూడా ఉందండోయ్. పేను పెట్టే గుడ్డు ఈరు, దాన్ని లాగడానికి ప్రత్యేకంగా ఈర్పెన. ఇంట్లో ఆడపిల్లల తలలు చూసిన అమ్మమ్మలకు ఈరుకూ పేనుకూ తేడా ఎంత ముఖ్యమో అడగండి.

హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతుల దగ్గర ఇంకో చక్కటి మాట ఉంది. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటుంది, దాన్ని వాళ్ళు జ్వరం అంటారు. రెండో జ్వరం దాటేదాకా ఆ లేత పురుగులను పెంచడం చాకీ. అది ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని. లేత ఆకు సన్నగా తరిగి వేయాలి, వేడీ తేమా అటూ ఇటూ కాకూడదు. అందుకే చాలామంది సొంతంగా చేయకుండా చాకీ కేంద్రం నుంచి కొని తెచ్చుకుంటారు. పురుగే కదా అని ‘పిల్లపురుగు’ అని సరిపెట్టుకోలేదు చూడండి. డబ్బు ఎక్కడుందో మాట అక్కడ పుడుతుంది.

ఇక పిల్లకాకి. ‘పిల్ల’ అనే మాట వెనక వస్తే సంతానం: కాకిపిల్ల, కోడిపిల్ల, మేకపిల్ల. ముందు వస్తే చిన్నది, లేక స్థాయి తక్కువది: పిల్లకాలువ, పిల్లదొంగ, పిల్లనాయకుడు. కాకిపిల్లను ఎవరూ ఏమీ అనరు, గూట్లో నోరు తెరుచుకుని ఉంటుంది పాపం. పిల్లకాకి గూడు వదిలి ఎగురుతున్నది, ఎగరడం వచ్చు కాబట్టి అన్నీ వచ్చనుకునేది. ‘పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ’ అన్న సామెత వినని తెలుగువాడు ఉండడు కాబట్టి, మీరు మొదటి మాట అనగానే మిగతాది అతని చెవిలో దానంతటదే మోగింది. నీకు తెలియదు అనడమే కాదు, తెలియదని కూడా నీకు తెలియదు, తగిలితే గానీ బుద్ధి రాదు అన్నట్టు. ఉండేలు ఎవరి చేతిలో ఉందో కూడా అతనికి తోచి ఉంటుంది, మీరు టీము పెద్ద కదా. వచ్చిన నెలలోనే పదిమందిలో అలా అనిపించుకుంటే ఎవరైనా నొచ్చుకుంటారు. (పిల్లలకోడి ఈ లెక్కలోకి రాదు, అది పిల్లలున్న తల్లికోడి. దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.)

మనుషులకు వాడే మాటలు గమనిస్తే చాలావరకు ఈ పశువుల దొడ్లోంచి వచ్చినవే. కోడెకాడు, కోడె వయసు అంటే పొగడ్త, ఒంట్లో సత్తువ ఉందని. దానికే పనీపాటా లేకపోతే అచ్చోసిన ఆంబోతు అవుతుంది. ఆ మాట వెనక పాత ఆచారం ఉంది, దేవుడి పేర ముద్ర కాల్చి వదిలేసిన ఆబోతును ఎవరూ కట్టెయ్యరు, ఎవరి చేలో మేసినా అదిలించడమే గానీ కొట్టరు. ముకుతాడు కూడా అంతే. కోడెకు ఏడాదిన్నర రెండేళ్ళ మధ్య ముక్కు కుట్టి తాడు ఎక్కిస్తారు, అప్పటిదాకా నలుగురు పట్టినా ఆగనిది ఆ తర్వాత ఒక్క పిల్లవాడు లాగితే నడుస్తుంది. పెళ్ళీడు కుర్రాడి గురించి ‘వాడికి ముకుతాడు వేసేవాళ్ళు రావాలి’ అని ఎందుకంటారో వేరే చెప్పక్కర్లేదు.

కొత్త కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు రెండు కొత్తవాటిని ఎప్పుడూ కలిపి కట్టరు. చెయ్యి తిరిగిన ముసలి ఎద్దును దాపటో వలపటో (ఎడమో కుడో) కట్టి పక్కన దీన్ని కడతారు. మొదటి రోజులు ఖాళీ కాడి, తర్వాత ఖాళీ బండి, ఆ తర్వాతే నాగలి. సాలు తప్పితే పక్కది తన బరువుతో వెనక్కి లాగుతుంది, తోలేవాడు ములుగర్ర ఎత్తక్కర్లేదు. మీ టీములో ఆ కుర్రాడి పక్కన ఎవర్ని కూర్చోబెట్టారో నాకు తెలియదు గానీ, అది అతన్ని ఏమని పిలుస్తారన్న దానికన్నా పెద్ద ప్రశ్న.

కొత్తవాళ్ళను తిట్టే మాటలకు మనకు కరువు లేదు. కుర్రకుంక, బొడ్డూడనివాడు, మూతి మీద మీసం రానివాడు, ఓనమాలు రానివాడు. హైదరాబాద్‌లో అయితే బచ్చా. ‘కొత్త బిచ్చగాడు పొద్దెరగడు’ అన్నది కాస్త వేరు, అది తెలివితక్కువకు కాదు, అత్యుత్సాహానికి. కొత్తగా చేరి రాత్రి పదకొండుకు మెయిళ్ళు పెట్టేవాణ్ణి అనవచ్చు, అదీ చాటునే. మెచ్చుకునే మాటలు వాడాలంటే మాత్రం మనిషి పాతబడాలి: చెయ్యి తిరిగినవాడు, ఆరితేరినవాడు, తలపండినవాడు, ఢక్కామొక్కీలు తిన్నవాడు. రాజకీయాల్లో తండ్రి పేరుంటే ఈ నియమం వర్తించదు. అక్కడ మొదటి రోజే ఫ్లెక్సీ మీద కొదమసింహం. ఓడిపోతే అవతలి పార్టీ వాళ్ళకు పిల్లకాకి.

ప్రాంతం కూడా చూసుకోవాలి. శ్రీకాకుళంలో గుంటడు అంటే మామూలుగా పిల్లవాడు, ప్రేమగానే అంటారు. కృష్ణా జిల్లాలో ఆ మాట అంటే ముఖం చిట్లిస్తారు. నెల్లూరు, చిత్తూరు వైపు పిల్లకాయ, తెలంగాణలో పోరడు, పిలగాడు. నల్గొండలో నన్ను పెద్దావిడ ఒకరు ‘ఏం బిడ్డా’ అని పలకరించేది, అప్పటికే నా తల సగం నెరిసింది. ఆ పిలుపులో చిన్నచూపు లేదు, దగ్గరితనమే ఉంది. కాబట్టి వయసు చిన్నదని చెప్పే మాటలన్నీ గుచ్చుకోవు. తెలియనితనాన్ని ఎత్తి చూపేవే గుచ్చుకుంటాయి.

కొత్తవాడనే మాటకు గౌరవం దక్కిన చోటు ఒకటే కనిపిస్తుంది నాకు. అయ్యప్ప మాలలో మొదటి ఏడు కన్నెస్వామి, రెండో ఏడు కత్తిస్వామి, తర్వాత గంటస్వామి, గదస్వామి. అరవయ్యేళ్ళ పెద్దమనిషి కూడా మొదటిసారి మాల వేసుకుంటే కన్నెస్వామే, ఆయనకు పూజలో చెప్పేవాడు పాతికేళ్ళవాడు కావచ్చు. శబరిమల దారిలో శరంగుత్తి దగ్గర శరం గుచ్చే పని కన్నెస్వాములది. ఏ ఏడాది కన్నెస్వామి ఒక్కరూ రారో ఆ ఏడాది మాళికాపురత్తమ్మను పెళ్ళాడతానని అయ్యప్ప మాట ఇచ్చాడని కథ. అంటే కొత్తవాళ్ళు వస్తూ ఉండటం మీదే ఆ కథంతా ఆధారపడి ఉంది. మా ఊరి బృందంలో కన్నెస్వాములకే ముందు వడ్డిస్తారు.

అందుచేత మీ కుర్రాడి గురించి ఇతరుల దగ్గర చెప్పాల్సి వస్తే ‘కొత్తగా చేరాడు, ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోంది’ అనండి. ఇందులో వయసు లేదు, తీర్పు లేదు, రేపు మారిపోతుందన్న సంగతి కూడా ఉంది. అతనితో మాత్రం పేరు పెట్టి పిలిస్తే సరిపోతుంది. సారీ చెప్పాలా అని కూడా అడిగారు. చెప్పండి, కానీ అన్నది నలుగురిలో కాబట్టి చెప్పేదీ నలుగురిలోనే.

పట్టికకు వస్తే, ఆవు ఎదురుగా ‘లేగ, పెయ్య, కోడె’ అని మూడూ రాయండి, గేదె ఎదురుగా ‘దూడ, పడ్డ’ రాసి తెలంగాణలో దుడ్డె అని పక్కన పెట్టండి. ఏనుగుకు గున్న, పులికి కూన. సింహానికి కూన రాయండి, కొదమసింహం బొమ్మ వేస్తే జూలు మొలుస్తున్నట్టు వేయించండి. మేక, గొర్రె, కోడి, పిల్లి దగ్గర పిల్ల అనే ఉంచేయండి, లేని మాటలు నిఘంటువుల్లోంచి లాక్కొచ్చి పిల్లల నోట్లో కుక్కొద్దు. పేను, ఈరు పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెడితే మాత్రం పిల్లలు మొత్తం పట్టికలో ముందు గుర్తుపెట్టుకునేది అదే.